ఉప్పు తొట్టె ముందు పొట్టికుర్చీ

ఎల్లాజీ మాస్టారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన నోట మొదట వచ్చే మాట ఒక్కటే: "ముందు ఉప్పు కలుపు." భీమిలి రేవు దగ్గర ఒక పాత పెంకుటిల్లు ఆయన పనిశాల. సముద్రపు చేపలను గాజుతొట్టెల్లో బతికించే విద్యలో ఆ తీరం పొడుగునా ఆయన తరవాతే ఎవరైనా. వెనక ఏదో కాలేజీలో జంతుశాస్త్రం ప్రయోగశాలకు ముప్ఫయ్యేళ్ళు అటెండరుగా చేశారు. సెలవుల్లో లెక్చరర్లందరూ ఊళ్ళకు పోతే, తొట్టెల్లో చేపలు బతికున్నాయంటే ఆయన చలవే. అందుకని పాఠం చెప్పకపోయినా మాస్టారన్న పేరు వచ్చి అతుక్కుంది. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా ఒడ్డునీళ్ళలో ఏమేం కలుస్తున్నాయో ఎవరు చూడొచ్చారని, మంచినీళ్ళలో ఉప్పు కలిపి, కొలిచి, ఒక రోజంతా పంపుతో ఆడించి గాని తొట్టెలో పోసేవారు కాదు. శిష్యులు చాటుగా నవ్వుకునేవారు గాని, ఆ ఉప్పు కలిపేలోపు సగం ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోయేవి.

చల్లారని ప్రశ్న ఒకటి పైడిరత్నానిది. రెండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల. పిల్లంటే ఇరవయ్యారేళ్ళది, ఒక్క చేత్తో నీళ్ళ బిందె ఎత్తగలది. ఒకనాటి పొద్దున చేతులు తుడుచుకుంటూ అడిగింది. "మాస్టారూ, పెద్ద తొట్టెలోనైతే ఏ చేపయినా ఇముడుతుంది. చిన్న తొట్టెకు ఏ చేప తగినదో ఎలా తెలుస్తుంది?" మాస్టారు కళ్ళజోడు తీసి, "ముందు ఉప్పు కలుపు," అన్నారు. కలిపింది. "కలిపాను మాస్టారూ," అని మళ్ళీ వచ్చి నిలబడింది. ఆయన తల కూడా ఎత్తకుండా అన్నారు: "రేవువీధి గ్రంథాలయం వాళ్ళు చదువుకునే హాల్లోకి రెండడుగుల తొట్టె అడుగుతున్నారు. అది నువ్వు పెట్టు. నేను చెయ్యి పెట్టను."

ఆ మాటతో రత్నానికి ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే మాస్టారి దగ్గర ఒక ఆచారం ఉంది. శిష్యుడు సొంతంగా పెట్టిన తొట్టె ఆయనకు నచ్చితే, చిన్న ఇత్తడి పలక మీద ఆ శిష్యుడి పేరు తన చేత్తో చెక్కి, తొట్టె కింది చెక్కబల్లకు తానే మేకు కొడతారు. నచ్చకపోతే తిట్టు లేదు, వివరణ లేదు. మర్నాడు యథాప్రకారం ఉప్పు కలుపుకోవడమే. ఇప్పటిదాకా ఏడుగురు శిష్యులొస్తే పలక దక్కింది ముగ్గురికి. నాలుగో పలక తనదే కావాలని రత్నం అప్పటికప్పుడు నిశ్చయించుకుంది. ఆమె తల్లి కొర్లమ్మ చేపల మార్కెట్లో ముప్ఫయ్యేళ్ళుగా బుట్ట పెట్టుకుని కూర్చునే మనిషి. "నేను సచ్చిన సేపని అమ్మి నిన్ను పెంచినాను. నువ్వేమో బతికున్న సేపకి సాకిరీ సేస్తన్నావు. దానికి మేత నువ్వే, దానికి నీళ్ళు నువ్వే. రేపు దానికి జడ కూడా ఏస్తావేటే?" అని ఎకసెక్కాలాడేది. ఆ నోటికి ఇత్తడి పలకతోనే సమాధానం చెప్పాలని కూతురి పట్టుదల.

తొట్టెలో రాళ్ళూ ఇసుకా వేసి ఆరు వారాలు నీళ్ళు ఆడించింది. పట్నం వెళ్ళి రంగుచేపల వ్యాపారి దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి, ఒకే ఒక్క చేపను ఏరుకొచ్చింది. రూపాయి బిళ్ళంత చేప. ఒళ్ళంతా నీలం, తోక పసుపు. అది మలుపు తిరిగితే గాజు వెనక దీపం వెలిగించినట్టుండేది. ఒక్కటి చాలు, హాలు హాలంతా తిరిగి చూస్తుందనుకుంది. కొత్త చేపను మూడు వారాలు పక్కతొట్టెలో ఉంచి జబ్బూ జాడ్యమూ లేదని తేల్చుకోవాలన్నది మాస్టారి కట్టడి. ఆ మూడు వారాలూ పనిశాలకు ఎవరొచ్చినా రత్నం ముందు ఆ చేప దగ్గరికే తీసుకుపోయేది. ప్రారంభం ఆదివారం. బుధవారం నాడు మాస్టారిని పిలిచి చూపించింది. "ఎలా ఉంది మాస్టారూ?" ఆయన చూశారు. "అందంగా ఉంది," అన్నారు. అని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "సాయంత్రం మార్కెట్ అయ్యాక మీ అమ్మను ఒకసారి రమ్మను," అన్నారు.

ఎందుకో చెప్పలేదు. తన మీద ఫిర్యాదేమోనని రత్నానికి అన్నం సయించలేదు. సాయంత్రం కొర్లమ్మ రానే వచ్చింది, నెత్తిన ఖాళీ బుట్టతో. ఆ పనిశాల గడప తొక్కడం ఆమెకదే మొదలు. "దండాలు మాస్టారు బాబూ. మా పిల్ల ఏటి పగలగొట్టింది?" అంది. "ఏమీ పగలగొట్టలేదమ్మా. ఒక చేపను తెచ్చింది. నువ్వూ చూస్తావని పిలిచాను," అన్నారు మాస్టారు. కొర్లమ్మ పక్కతొట్టె ముందు నిలబడింది. బుట్టలో చేపను చూసినట్టే చూసింది. రంగు చూడలేదు, కన్ను చూసింది.

"ఓలమ్మో! ఇది పసిపిల్ల కదే!" అంది. "కన్ను సూడు. ఒంటికి మించిన కన్ను. పిల్లలకే అలాగుంటాది. తోక పక్కన కత్తిలాటి ముల్లు కూడా ఉంది సూసినావా? రాతిదిబ్బల కాడ వలేస్తే పడే జాతే ఇది. పెరిగిందంటే జానెడు మీద నాలుగు వేళ్ళు దాటిపోద్ది. ఇలాంటి పిల్ల వలలో పడితే మీ నాన్న ఏం సేసేవాడే?"

"నీళ్ళలోకి వదిలేసేవాడు," అంది రత్నం. అయినా ఊరుకోలేక, "తొట్టెను బట్టి పెరుగుతుందని ఆ వ్యాపారి చెప్పాడే..." అని నసిగింది.

"ఎనిమిదో ఏట కుట్టించిన గౌనులోనే ఉంచితే నువ్వు పెరక్కుండా ఆగిపోయేదానివేటి?"

మాస్టారు మీసాల చాటున నవ్వుకున్నారు. రత్నానికి మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. కన్ను చూసి ఈడు చెప్పడం తనకు తెలియని విద్య కాదు. అయిదేళ్ళప్పుడు తల్లి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నదే. బుట్టలో చేపకైతే చూసేది, గాజు వెనక చేపకు చూడాలని తోచలేదు. బయట కొత్త విద్య నేర్చిన కొద్దీ ఇంట్లో నేర్చినదాన్ని గుమ్మం బయట విడిచి వచ్చే పొరపాటు, మరి, ఆ ఇంటి పిల్లలే చేయగలరు.

ఈలోగా కాళ్ళు లాగుతుంటే కొర్లమ్మ కూర్చుందామని చుట్టూ చూసింది. కిటికీ మూల మాస్టారి సొంత తొట్టె ఒకటుంది. అడుగున్నరది, చిన్నది. దానిలో ఇసుక, నాలుగు రాళ్ళు తప్ప ఏమీ ఉన్నట్టు కనిపించదు. దాని ముందొక కుర్చీ, కాళ్ళు సగానికి కోసేసి. విరిగిపోయిన కుర్చీ అనుకుని రత్నం రెండేళ్ళుగా దాని మీద ఉప్పు బస్తాలు పెడుతోంది. కొర్లమ్మ బస్తా కిందికి దించి, ఆ పొట్టికుర్చీలో చతికిలబడింది. కాసేపు నీళ్ళకేసి ఊరికే చూసింది. ఉన్నట్టుండి మోకాలి మీద చరుచుకుంది.

"ఇసకదొంది! మా బుట్టలో పడితే పిల్లికి ఏసేస్తాం గదా, ఆ జాతి సేప. దాని పక్కన రొయ్య! ఓలి నా తల్లో, ఆ రొయ్యకి కళ్ళు కనపడవే. సేప తోక మీద మీసమేసి నడుస్తంది సూడు! అది ఇసక తవ్వి ఇల్లు కడతంది, ఇది గుమ్మం కాడ కాపలా కాస్తంది. ఇన్నేళ్ళు సేపలమ్మినాను గాని ఇలాంటి కాపురం సూడలేదు."

రత్నం గబగబా వెళ్ళి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. రెండేళ్ళలో ఆ తొట్టెను వెయ్యిసార్లు తుడిచి ఉంటుంది. దాని ముందు కూర్చోవడం అదే మొదటిసారి. తల్లీ కూతుళ్ళు బుట్ట సంగతి మరిచిపోయి దీపాలు పెట్టే వేళ దాకా అలాగే ఉండిపోయారు.

మర్నాడు నీలిచేపను పనిశాలలోనే గోడవార ఉన్న ఆరడుగుల తొట్టెలోకి మార్చింది. తరవాత మాస్టారి ముందు నిలబడి, "నోరు విడిచి అడగకూడదు గాని, మీ తొట్టెలో ఆ జంటను గ్రంథాలయానికి ఇస్తారా?" అంది. తొమ్మిదేళ్ళుగా ఆ తొట్టె ఆయన పొద్దుటి తోడు; రత్నం వచ్చేలోగా బస్తా దించి దాని ముందు కూర్చుని, మళ్ళీ బస్తా పెట్టేసేవారు. ఆయన కొంతసేపు కిటికీలోంచి రేవును చూశారు. తరవాత లేచి, రెండు గాజు గిన్నెలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. గురువారమే రెంటినీ వేరువేరు గిన్నెల్లో తీసుకుపోయి కొత్త తొట్టెలో వదిలింది. వదిలిన మరుక్షణం రెండూ రెండు రాళ్ళ కిందికి దూరాయి. శుక్రవారం బయటికి రాలేదు. శనివారం రాలేదు. కలుసుకున్నాయో లేదో, ఉన్నాయో పోయాయో తెలియదు.

ఆదివారం గ్రంథాలయం నిండా జనం. సంఘాధ్యక్షులు సన్యాసిరాజుగారు భారీ మనిషి, గొంతూ భారీదే. ఇస్త్రీ కండువా సర్దుకుని గుడ్డ తెర లాగారు. ఇసుక, రాళ్ళు, నీళ్ళు. ఆయన అటు వంగి చూశారు, ఇటు వంగి చూశారు. "ఏమ్మా, హడావుడిలో చేపను మరిచిపోయి నీళ్ళు మాత్రం తెచ్చేశావా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. జనం వెనకాల గోడకానుకుని మాస్టారు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ జేబులో ఏముందో రత్నానికి తెలుసు. అది బయటికొస్తుందో రాదో ఆ క్షణాన దేవుడికీ తెలిసి ఉండదు.

రత్నం బల్ల పక్కనుంచి ఒక పొట్టికుర్చీ లాగి వేసింది. "నిలబడితే కనిపించదండి. కూర్చోండి," అంది. రాజుగారు ఆ కుర్చీని చూసి తటపటాయించారు. బుట్ట గుమ్మం బయట పెట్టి లోపలికొచ్చిన కొర్లమ్మ, "కూకో బాబూ, కూకుంటే అరిగిపోవులే," అంది. మళ్ళీ నవ్వులు. ఆయన కూర్చున్నారు. మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. "మాట్లాడకండి," అంది రత్నం, ఈసారి అందరితో. హాలు సద్దుమణిగింది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం గడిచింది. అప్పుడు నీళ్ళలోంచి టిక్కుమని చిటికె వేసినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"రొయ్య అండీ, తన కొండితో చిటికె వేస్తోంది," అని గుసగుసగా చెప్పింది రత్నం. ఎడమవైపు రాతి కింద ఇసుక కదిలింది. గంపతో మట్టి మోసే కూలీమనిషిలా రొయ్య ఇసుకను రెండు చేతులా నెట్టుకుంటూ బయటికొచ్చింది. దాని పొడుగాటి మీసం చివర, గుమ్మంలో, ఇసుకరంగు చేప. రెండూ ఒకే రాతి కింద ఉన్నాయి! ఎప్పుడు వెతుక్కున్నాయో, ఎలా కలుసుకున్నాయో. రాజుగారు ఊపిరి బిగబట్టి వేలు చాపారు. చేప తోక ఒక్కసారి ఆడించింది, రెండూ మాయం. ఆయన దొంగతనంలో పట్టుబడ్డవాడిలా వేలు వెనక్కి తీసుకుని, మళ్ళీ వచ్చేదాకా కదలకుండా కూర్చున్నారు. ఆయన లేచాక ఆ కుర్చీ కోసం వరస కట్టారు. గ్రంథపాలకుడు పార్వతీశంగారికైతే కళ్ళు చెమర్చాయి. "పదకొండేళ్ళుగా నిశ్శబ్దమని బోర్డు పెట్టి కూర్చున్నానండీ. ఈవేళే వినపడింది," అన్నారు.

"ఎవరమ్మాయిది?" అని అడిగారు రాజుగారు, ఆ భారీ గొంతును తగ్గించుకుని. కొర్లమ్మ కొంగు భుజాన సర్దుకుంది. "నా కూతురు బాబూ. పైడిరత్నం. నేను కొర్లమ్మని, మార్కెట్లో మూడో అరుగు," అంది. అక్కడున్నవాళ్ళలో ఆమె అరుగు తెలియని వాళ్ళు లేరు. అయినా ఆ మాట ఆమె చెప్పిన తీరుకు, మార్కెట్ మొత్తం ఆమెదే అనిపించింది.

జనం పలచబడ్డాక మాస్టారు నెమ్మదిగా ముందుకొచ్చారు. తొట్టె వైపు చూడనేలేదు. వంగి కుర్చీ కాళ్ళను తడిమారు. రంపం కోత ఇంకా పచ్చిగా ఉంది.

"ఇది గ్రంథాలయం కుర్చీయేనా?"

"అవునండీ. పార్వతీశంగారిని అడిగి నిన్న కోయించాను. కూర్చున్న మనిషి కన్ను ఇసుక మట్టానికి రావాలి గదా మాస్టారూ."

ఆయన ఆ కుర్చీలో కూర్చుని చూశారు. చాలాసేపు చూశారు. తరవాత జేబులోంచి ఆమె పేరు చెక్కిన ఇత్తడి పలక తీసి, పంచె చెంగుతో తుడిచి, తెర కట్టిన మేకొకటి ఊడి బల్ల మీద ఉంటే దానికేసి చెయ్యి చాపారు.

"ఆ మేకు ఇలా ఇయ్యమ్మా."