ఎలా కనిపెట్టారు గురువుగారూ

కూపీరాయుడనే నక్క గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, వినండి.

ఏటి ఒడ్డు అడవిలో ఏ దొంగతనం జరిగినా రాయుడికే కబురెళ్ళేది. వాసన చూసి దొంగను పట్టడంలో ఆయనకు పెద్ద పేరు. వెంట అంకన్న అనే ముళ్ళపంది ఉండేవాడు, ఏళ్ళ తరబడి శిష్యుడు. దొరికిన ఆధారాన్ని నోట కరుచుకుని తీసుకురావడం అంకన్న పని. దాన్ని వాసన చూసి తీర్పు చెప్పే హక్కు రాయుడొక్కడిదే. ఇంకెవరూ దాని దగ్గరికి రాకూడదు, అది ఆ అడవి కట్టుబాటు. దొంగ పేరు బయటపడగానే అంకన్న కళ్ళింతలు చేసుకుని, "ఎలా కనిపెట్టారు గురువుగారూ?" అని అడిగేవాడు. అప్పుడు రాయుడు తోక ఒళ్ళో వేసుకుని మొదటినుంచీ విడమరిచి చెప్పేవాడు.

అసలు సంగతి వేరు. మూడేళ్ళ కిందట పెద్ద జలుబు చేసి రాయుడి ముక్కు పూర్తిగా చెడింది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, అంకన్నకు కూడా. అంకన్నకు మాత్రం మొదటి వారంలోనే తెలిసిపోయింది. తెలిసీ ఏమీ అనలేదు. ఆధారం తెచ్చేటప్పుడే తను వాసన పట్టి, "ఆ ఉడుము ఈ మధ్య మన కంట పడటం లేదేమిటో గురువుగారూ" అని ఊసుపోకకు అన్నట్టు అనేవాడు. కాసేపటికి రాయుడు వెళ్ళి ఉడుమును పట్టుకునేవాడు. అదంతా తన తెలివేనని నిజంగానే నమ్మేవాడు. అంకన్న మళ్ళీ అదే ఆశ్చర్యంతో, "ఎలా కనిపెట్టారు?" అనేవాడు.

ఒక పొద్దున నీలమ్మ అనే ఆడనెమలి గుడ్లు నాలుగూ పోయాయి. ఖాళీ గూటిలో అంకన్న ముల్లు ఒకటి పడి ఉంది. అంకన్నే దాన్ని తెచ్చి గురువు ముందు పెట్టాడు. అందరూ దూరంగా నిలబడ్డారు. పునుగుపిల్లి జవ్వాజయ్య నోరు ఊరుకుంటుందా?

"పాపం, రాయుడుగారికి ఎంత ఇరకాటం," అన్నాడు. "సొంతవాడు కదా, చూసీచూడనట్టు పోతారులెండి. మేమైనా అంతే."

ఆ మాట రాయుడికి చురుక్కుమంది. "నా దగ్గర సొంతవాడూ పరాయివాడూ లేరు," అన్నాడు.

"గురువుగారూ," అన్నాడు అంకన్న మెల్లగా, "జవ్వాజయ్య నిన్న ఇటువైపు..."

"ఆపు. నేరం నీ మీదుంటే ఇంకొకరి పేరెత్తుతావా?" రాయుడు ముల్లు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. "అంకన్న వాసనే. ఇంకేమీ లేదు."

నీలమ్మే అడ్డం పడింది. "అదేంటయ్యా రాయుడూ, అంకన్న దుంపలు తప్ప ఏమీ ముట్టడే. దారి పొడుగునా వాడి ముళ్ళు రాలుతూనే ఉంటాయి, ఎవరైనా ఏరుకోవచ్చు."

"గుడ్లు పోయిన బాధలో మాట్లాడుతున్నావమ్మా. నాకు ఆధారం ముఖ్యం."

అంకన్న ఒక్క మాట అంటే చాలు. మా గురువుగారి ముక్కు పనిచేయదు, మీరే వచ్చి చూడండి అంటే చాలు. అంటే వాడు ఆ అడవిలో ఉంటాడు, రాయుడి పరువు పోతుంది. వాడు గురువు మొహంలోకి చూశాడు. ఆ మొహంలో పౌరుషం వెనక భయం కూడా వాడికి కనిపించింది.

"చెప్పుకునేదేమైనా ఉందా?" అన్నాడు రాయుడు.

"లేదు గురువుగారూ. చలిగాలి మొదలైంది, మంచు కరగందే బయటికి రాకండి. మీకు పడదు."

దొంగకు ఆ అడవిలో శిక్ష ఏరు దాటి వెళ్ళిపోవడమే. ముసలి ముళ్ళపంది చల్లటి నీళ్ళలోకి దిగుతుంటే నీలమ్మ ఏడ్చింది. రాయుడు అటు చూడలేదు.

నెల తిరక్కుండా కౌజుపిట్ట గుడ్లు పోయాయి. గూటిలో మళ్ళీ అంకన్న ముల్లే. తెచ్చిపెట్టే శిష్యుడు లేడు గనుక ఈసారి నీలమ్మే తెచ్చింది. తెస్తూ తెస్తూ సగం దారిలో ఆగిపోయింది.

"రాయుడూ, ఇది గుప్పుమని పునుగు వాసన కొడుతోంది. నీకు రావడం లేదూ?"

అందరూ కట్టుబాటు మరిచి దగ్గరికొచ్చారు. అందరికీ వచ్చింది ఆ వాసన. పాత ముల్లు తెప్పించి చూస్తే దానికీ అదే వాసన. జవ్వాజయ్యను ఆ పూటే తరిమేశారు. రాయుడు మాత్రం ఆ పాత ముల్లు ముందే కూర్చుండిపోయాడు. దాన్ని నోట కరుచుకుని తెచ్చింది అంకన్న. వాడి ముక్కుకు తెలియకుండా ఉంటుందా? మూడేళ్ళుగా వాడు ఊసుపోకకు అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రాయుడు లేచి ఏట్లో దూకాడు.

అవతలి ఒడ్డున ఒక తాబేలు ఎదురైంది. "ముళ్ళ తాతా? నీళ్ళలో నానిపోయి వచ్చాడయ్యా. వారం రోజులు జ్వరంతో మూలిగి ప్రాణం విడిచాడు. ఆ జ్వరంలో కూడా ఒకటే మాట, మా గురువుగారి లాంటి ముక్కు ఎక్కడా లేదని. అదిగో, అదే ఆయన బొరియ."

రాయుడు బొరియ ముందు కూర్చున్నాడు.

"అంకన్నా, దొంగ జవ్వాజయ్యరా," అన్నాడు.

అలవాటుగా తోక ఒళ్ళో వేసుకుని ఆగాడు. ఎవరూ ఏమీ అడగలేదు. చాలాసేపు చూసి, అడగకపోయినా చెప్పాడు.

"నేను కనిపెట్టలేదురా. నువ్వున్నప్పుడూ నేను కనిపెట్టలేదు."

మన లోపం తెలిసీ మనల్ని విడవనివాణ్ణి అనుమానించాక, ఆలస్యంగా తెలిసిన నిజం ఎంత పెద్దదైనా వాణ్ణి తిరిగి తెచ్చిపెట్టదు.