గండయ్య కట్టిన అడ్డతీగ

తేనెకోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు, అడవికోళ్ళు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవికి పెద్ద గండయ్య అనే ఎలుగుబంటి. కోనకు ఎగువన ఒక రాతి గుహలో ఒక్కడే ఉండేవాడు.

గండయ్య చెడ్డవాడు కాదు. ఆకలితో వచ్చినవాళ్ళను ఎప్పుడూ ఒట్టి చేతులతో పంపలేదు. కాని తనకు తెలియని విషయమంటూ లేదని ఆయన గట్టి నమ్మకం. ఎవరైనా సలహా చెప్పబోతే, "నీ వయసెంత, నా అనుభవమెంత?" అని మొదటి మాట దగ్గరే ఆపేసేవాడు. ఆయన గుహలో ఎండుటాకుల పరుపు ఒక మూల, తేనెపట్లు ఒక మూల. ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక కుక్క ఆ అడవిలోకి వచ్చింది. ఎముకల గూడులా ఉంది. ఒళ్ళంతా ఎరుపు, నుదుటి మీద తెల్లటి మచ్చ. మెడలో తెగిన తాడుముక్క వేలాడుతోంది. దాని పేరు బొల్లిగాడు.

వాడిని చూస్తే గండయ్యకు జాలి వేసింది. "నా ఇంట్లో ఉండరా. నేను తిరగడానికి వెళ్ళినప్పుడు గుహకు కాపలా ఉందువుగాని" అన్నాడు. మెడలోని తాడుముక్కను ఊడదీసి అవతల పారేశాడు. అది ఎక్కడిదని అడగలేదు.

బొల్లిగాడు తోక ఊపి, ఆయన పాదాల దగ్గర ముడుచుకుని పడుకున్నాడు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. గండయ్య కాలికి చిన్న దెబ్బ తగిలి, ఆ నాలుగు రోజులూ గుహలోనే ఉన్నాడు. బొల్లిగాడు ఆయన ఎటు కదిలితే అటు తిరిగాడు. "ఎంత బుద్ధిమంతుడో చూశారా!" అని గండయ్య దారిన పోయే అందరికీ చెప్పుకున్నాడు.

అయిదో రోజున ఆయన పుట్టతేనె కోసం బయలుదేరాడు. ఆయన లేవగానే బొల్లిగాడు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. గుమ్మం దాకా వచ్చి మూలిగాడు. గండయ్య పట్టించుకోకుండా వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేసరికి పరుపు చిందరవందరగా ఉంది. గుమ్మం దగ్గర మోకాలి లోతు గొయ్యి తవ్వి ఉంది. తేనెపట్లు కింద పడి, వాటికి చీమలు పట్టాయి.

గండయ్యకు ఒళ్ళు మండింది. "తిన్న ఇంటికే ఇలా చేస్తావా?" అని అరిచి, వీపు మీద ఒక్కటి వేశాడు. బొల్లిగాడు చెవులు వాల్చి, గోడకు అతుక్కుపోయాడు.

మర్నాడు అల్లరి ఇంకా పెరిగింది. ఆ మర్నాడు మరీ పెరిగింది. గండయ్య ఎంత గట్టిగా కసిరితే వాడు అంత గట్టిగా మొరిగాడు.

కింది బొరియలో సూదెమ్మ అనే ముళ్ళపంది తన ఇద్దరు పిల్లలతో ఉండేది. ఒక రోజు ఆమె పైకి వచ్చింది.

"అన్నా, వాడు పొగరుతో చేస్తున్నట్టు లేదు. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. మంచినీళ్ళు కూడా ముట్టడు. నువ్వు కనిపించాకే తాగుతాడు. వాడికేదో భయంగా ఉంది."

గండయ్య నవ్వాడు. "నా ఇంట్లో వాడికి భయమేమిటమ్మా? పులి కూడా ఈ గుహ వైపు రాదు."

"బయటి భయం కాకపోవచ్చు. ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకుని అడుగు."

"సూదెమ్మా, నీ పిల్లల్ని నువ్వు పెంచుకో. నా కుక్క సంగతి నాకు తెలుసు."

ఆమె దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బొల్లిగాడు తనంతట తానే దగ్గరికి వచ్చాడు. "పెద్దయ్యా, నేను కావాలని చెయ్యడం లేదు. మీరు గుమ్మం దాటగానే నా ఒళ్ళు వణుకుతుంది. అప్పుడు..."

"తప్పు చేసి కథలు చెబుతావా? నోరు ముయ్యి!" అన్నాడు గండయ్య.

బొల్లిగాడు నోరు మూసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇంతలో ఇప్పచెట్లు పూతకు వచ్చాయి. అవతలి కొండ మీద రాలిన ఇప్పపువ్వు తెల్లగా పరుచుకుందని కొండముచ్చులు కబురు తెచ్చాయి. ఇప్పపువ్వంటే గండయ్యకు ప్రాణం. వెళ్ళి రావడానికి మూడు రోజులు పడుతుంది. కుక్కను వెంట తీసుకువెళ్దామా అని ఒక్క క్షణం అనుకున్నాడు. 'దారిలో వీడి గోల ఎవరు పడతారు' అనిపించి మానుకున్నాడు.

అడవిలో అడ్డతీగకు మించిన గట్టి తీగ లేదు. గండయ్య దాన్ని తెచ్చి ఒక కొస బండకు చుట్టాడు. రెండో కొస బొల్లిగాడి మెడకు కట్టాడు. వాడు పెనుగులాడలేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసి ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. గండయ్య వాడి ముందు దుంపలు పెట్టాడు, దొప్పలో నీళ్ళు పెట్టాడు.

"ఇక్కడే ఉండు. ఇప్పుడే వస్తా" అన్నాడు.

ఆ మాట వినగానే బొల్లిగాడు ఒక్క కేక పెట్టాడు. అలాంటి కేక గండయ్య అంతకుముందు వినలేదు. కొండ మొదటి మలుపు దాకా అది ఆయన చెవుల్లో పడుతూనే ఉంది. అక్కడ ఆయన అడుగు తడబడింది. వెనక్కి తిరగాలనిపించింది. 'అరిచి అరిచి వాడే ఊరుకుంటాడు' అని తనకు తాను చెప్పుకుని ముందుకు నడిచాడు.

మూడో రోజు సాయంత్రం కడుపు నిండా ఇప్పపువ్వు తిని తిరిగి వచ్చాడు. గుహ వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. 'చూశావా, దారికొచ్చాడు' అని మురిసిపోయాడు.

లోపల అడుగుపెట్టాక ఆయన కాళ్ళు ఆగిపోయాయి. దుంపలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దొప్ప బోర్లా పడి ఉంది. అడ్డతీగ మధ్యకు తెగి ఉంది. దాని నిండా ఎండిన నెత్తుటి మరకలు. బండ పక్కన నేల మీద విరిగిన కుక్కపన్ను ఒకటి పడి ఉంది.

"బొల్లీ!" అని పిలిచాడు. పలుకు లేదు. వాగు దాకా పరిగెత్తాడు. పొదలన్నీ వెతికాడు. చివరికి సూదెమ్మ బొరియ ముందు నేరేడు నీడలో వాడు కనిపించాడు. మెడ చుట్టూ తోలు లేచి, పచ్చిగా పుండు పడి ఉంది. సూదెమ్మ ఏదో ఆకు నమిలి దాని మీద పెడుతోంది.

"ఏమైంది?" అన్నాడు గండయ్య. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"ఏమవుతుందన్నా? నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి తీగ లాగుతూనే ఉన్నాడు. మొదటి రోజు పక్కన కూర్చుని నచ్చజెప్పాను. రెండో రోజు పొద్దున చూస్తే తీగ ముడి బిగిసి మెడలో దిగిపోయింది. ఊపిరి అందడం లేదు. నేనే కొరికి తెంపాను. కాస్త ఆలస్యమైతే వీడు దక్కేవాడు కాదు."

"నేను వస్తానని చెప్పే వెళ్ళానే!"

సూదెమ్మ ఆయన వైపు తిరిగింది. "వీడి పాత యజమానీ అదే చెప్పాడు. ఊరు మారుతూ ఆ మనిషి వీడిని అడవి అంచున చెట్టుకు కట్టేశాడు. 'ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా' అన్నాడు. రాలేదు. ఎన్ని రోజులు చూశాడో వీడికే గుర్తులేదు. చివరికి తాడు కొరుక్కుని నీ దగ్గరికి వచ్చాడు."

గండయ్య వాడి మెడ మీది పుండు వైపు చూశాడు. తర్వాత, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు నెమ్మదిగా.

"చెప్పబోతే నోరు ముయ్యమన్నావట."

గండయ్య తల దించుకున్నాడు. కాని చుట్టూ దుప్పులు, కుందేళ్ళు గుమిగూడి చూస్తున్నాయి. అంతమంది ముందు తన తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. గొంతు సవరించుకుని, "సరే, అయిందేదో అయింది. పదరా ఇంటికి" అన్నాడు.

బొల్లిగాడు లేచాడు. తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుని, ఒక్కో అడుగే వేస్తూ ఆయన వెనక నడిచాడు. గుహ కనిపించేసరికి వాడి ఒళ్ళంతా వణకడం మొదలైంది. నిలబడిన చోటే ఉచ్చ పోసేసుకున్నాడు. అయినా ఆగకుండా ఇంకో అడుగు వేశాడు.

అప్పుడు చూశాడు గండయ్య. నిజంగా చూడడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ తను పొగరనుకున్నది ఇదే వణుకు. తను దెబ్బతో, కేకతో, తీగతో అణచాలని చూసింది దీన్నే.

"వద్దు నాయనా. వెనక్కి వెళ్ళు. సూదెమ్మ దగ్గరే ఉండు" అన్నాడు.

ఆ తర్వాత గండయ్య రోజూ పైనున్న బండ మీద కూర్చుని కిందికి చూసేవాడు. సూదెమ్మ పెద్ద పనులేవీ చెయ్యలేదు. పొద్దున్నే బొల్లిగాడిని వాగు వెంట అలసిపోయేదాకా పరిగెత్తించేది. కొరకాలనిపించినప్పుడు కొరుక్కోమని, దుప్పి రాల్చిన కొమ్ము ఒకటి తెచ్చి ఇచ్చింది. పుండు మానాక అసలు పని మొదలుపెట్టింది. వాడిని బొరియ దగ్గర కూర్చోబెట్టి మూడడుగులు వేసి తిరిగి వచ్చేది. వాడు లేవకపోతే మెడ కింద ముక్కుతో రాసేది. లేచి మూలిగితే కసిరేది కాదు. దూరం తగ్గించి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. మర్నాడు పది అడుగులు. ఇంకో వారానికి పొద చాటుకు. ఎప్పుడు వెళ్ళినా, వెళ్ళేటప్పుడు హడావిడి చేసేది కాదు. వచ్చాక గోల చేసేది కాదు.

తొలకరి పడేనాటికి సూదెమ్మ సగం రోజు దుంపలకు వెళ్ళినా బొల్లిగాడు పిల్లల పక్కన ప్రశాంతంగా పడుకునేవాడు. ఒకసారి బొరియ మీదికి నక్కలు వస్తే తరిమికొట్టాడు కూడా. ఆ తర్వాత కుందేళ్ళు మేతకు వెళ్ళేటప్పుడు తమ కూనల్నీ వాడి దగ్గరే వదిలివెళ్ళేవి. సూదెమ్మకు అడవిలో అందరూ దగ్గరి చుట్టాలయ్యారు. దుంపలు దొరకని రోజున కూడా ఆమె గుమ్మంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టి వెళ్ళేవారు.

ఒకనాడు గండయ్య బండ దిగి వచ్చాడు. అందరూ వింటుండగానే అన్నాడు, "బొల్లీ, నేను తప్పు చేశాను. అడగాల్సింది పోయి కొట్టాను. వినాల్సింది పోయి కట్టేశాను. నన్ను క్షమించు."

బొల్లిగాడు తల ఎత్తాడు. "ఆకలితో వచ్చిన నన్ను మీరు చేరదీశారు పెద్దయ్యా. అది నేను మర్చిపోలేదు. మీ మీద కోపం లేదు. కాని ఏం చెయ్యను? ఆ గుహ వైపు నా కాళ్ళు రావు."

"రావద్దులే. నేనే ఇక్కడికి వచ్చి కాసేపు కూర్చుంటాను. కూర్చోనిస్తావా?"

బొల్లిగాడు సూదెమ్మ వైపు చూశాడు. తర్వాత కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆనాటి నుంచి గండయ్య రోజూ సాయంత్రం వచ్చేవాడు. వెళ్ళేటప్పుడు "రేపు వస్తాను" అనేవాడు. జడివాన కురిసినా, ఒళ్ళు బాగోకపోయినా మాట తప్పలేదు. మొదట్లో ఆయన లేవగానే బొల్లిగాడు ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. ఆ చూపు ఎదుర్కోలేక గండయ్య ముఖం తిప్పుకునేవాడు.

వానలు వెనకపట్టు పట్టిన ఒక సాయంత్రం గండయ్య చప్పుడు కాకుండా లేచాడు. బొల్లిగాడు కదలలేదు. ఒక చెవి మాత్రం కాస్త ఆడింది. కళ్ళు తెరవకుండా, నిశ్చింతగా నిద్రపోతూనే ఉన్నాడు.

గండయ్య సంతోషంతో అక్కడే నిలబడిపోయాడు. ఇంత కమ్మటి నిద్ర వాడికి తన ఇంట్లోనే, తన పాదాల దగ్గరే పట్టేది కదా, ఒక్క మాట విని ఉంటే! కళ్ళు తుడుచుకుని, ఒంటరిగా కొండ ఎక్కసాగాడు.

నీతి: అల్లరిని అణచే ముందు దాని వెనక ఉన్న భయాన్ని తెలుసుకోవాలి. ఆలస్యంగా తెలుసుకున్నవాడికి క్షమాపణ దొరకవచ్చు గాని, పోయిన చెలిమి పూర్తిగా తిరిగి రాదు.