ఇల్లరికం బూజు

సముద్రపు ఒడ్డు మొత్తం మీద బుర్ర ఉన్నది తమ పాకలోనేనని నూకాలు నమ్మకం. ఆ పాకలో ఉన్నది ముగ్గురు: తను, మొగుడు బంగారయ్య, మరిది గవరయ్య. ఏ మాటైనా విన్నది విన్నట్టు పాటించే మనుషులు. ఊళ్ళో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు.

నూకాలుకు ఉన్నది ఒక్కటే బాధ. గాలి లేచిందంటే ఇసుక ఇంట్లోకి కొట్టి అన్నంలో పడేది. సరుగుడు తోట వేస్తే ఇంట్లోకి ఇసుక రాదని నర్సరీ కమల మొక్కలిచ్చింది.

"వేళ్ళకు తెల్లగా బూజుంటుంది వదినా, దులిపెయ్యకు. అది వేరుతో కాపురం చేస్తోంది. నీళ్ళూ సారమూ తెచ్చి పెడుతుంది, చెట్టు దానికి తీపి పెడుతుంది."

ఇంకేముంది. వేరు వాళ్ళింటికొచ్చి ఉంటున్నాడు కాబట్టి బూజు ఇల్లరికం అల్లుడని బంగారయ్య తేల్చాడు. ఆలుమగలున్న చోటికి చెప్పాపెట్టకుండా పోకూడదని గవరయ్య ప్రతి పాదు దగ్గరా ఒకసారి దగ్గి, అప్పుడు నీళ్ళు పోసేవాడు. అల్లుడి తీపి భారం పసిమొక్క మీద వెయ్యడం మర్యాద కాదని నూకాలు బెల్లం పానకం పోసింది. చీమలు బారులు కట్టాయి. అల్లుడి తరఫు చుట్టాలే అనుకుని వాళ్ళకూ పోసింది.

మొక్కలు పసుపు తిరిగాయి. లోపల ఆలుమగలకు పడటం లేదేమోనని నూకాలుకు బెంగ. అన్నీ పీకి చూశారు. వేళ్ళనిండా మట్టి, తెల్లటి పోగులు. అల్లుణ్ణి ఇన్నాళ్ళూ స్నానం లేకుండా ఉంచామా అని ఆమెకు తల కొట్టేసినట్టయింది. అంతే, కుంకుడు రసంతో రుద్ది, దువ్వెనతో దువ్వి, మళ్ళీ పాతారు. అన్నీ ఎండిపోయాయి, పాక వెనక మరిచిపోయిన ఒక్క మొక్క తప్ప.

కమల వచ్చి చూసి గుమ్మంలో కూలబడింది.

"దులపొద్దన్నాను కదా వదినా."

"దులపలేదమ్మా. కడిగాం."

కమల లేచి పాక వెనక్కి వెళ్ళి చూసొచ్చింది. బూజు ఇక ఆ మిగిలిన మొక్క కిందే బతికుందని, వానలు పడ్డాక అక్కణ్ణించి గుప్పెడు మట్టి తీసి కొత్త మొక్కల గుంటల్లో తనే వేస్తానని చెప్పింది. "అందాకా దానికి కాస్త నీడ పట్టండి, చాలు. వాళ్ళ కాపురం వాళ్ళను చేసుకోనివ్వండి."

నీడంటే కప్పు. కాపురమంటే తలుపు. ముగ్గురూ ఒక్క మాట మీద పాక విప్పారు. తాటాకులు, రాటలు, తడికెలు, తలుపు, అన్నీ మొక్క చుట్టూ కట్టి, బయట తాళం వేసి, ఎవరూ ఇబ్బంది పెట్టకుండా తాళంచెవి సముద్రంలో పడేశారు.

సాయంత్రం గాలి లేచింది. ముగ్గురూ ఆరుబయట కూర్చుని తింటున్నారు. ముద్ద ముద్దకూ పంటి కింద కరకర. నూకాలు ముఖంలో మాత్రం ఎన్నడూ లేని తృప్తి.

"చూశావా మావా, కమల మాట పొల్లు పోలేదు. ఇవాళ ఒక్క ఇసుక రేణువైనా మన ఇంట్లోకి రాలేదు."