శివరాత్రి తెల్లారి వడ్డన

హిమజకి ఒకటే బెంగ. శివరాత్రి జాగారంలో తన కళ్ళకి కట్టింది దైవమా, తను అల్లుకున్న ఊహా?

అనుమానం రాకేం చేస్తుంది? హైదరాబాదులో యానిమేషన్ కంపెనీలో ఉద్యోగం ఆమెది. పిల్లలు ఫోన్లో ఆడుకునే ఆటలకి దేవుళ్ళ బొమ్మలు గీస్తుంది. భక్తి ఉన్నా లేకపోయినా వారానికో దేవత ఆ చేతిలోంచి ఊడిపడాల్సిందే. అలాంటి చేతికి నిజమైన దర్శనం దొరికిందంటే ఎవరు నమ్ముతారు? ముందు తనకే నమ్మకం లేదు.

నల్లమల అంచున చిన్న మఠం. అక్కడి ఓంకారయ్య స్వామి ఆమెకి గురువు. పండక్కి అక్కడికే వచ్చింది. అభిషేకం జరుగుతుండగా కళ్ళు మూసుకుంటే ఎదురుగా అన్నపూర్ణమ్మ! తెల్లారేలోగా ట్యాబ్‌లో గీసేసింది కూడా.

పొద్దున్నే ఉపవాసాలు విడిచారు. అందరూ తిన్నాక గాని స్వామి ఆకు ముందు కూర్చోరు. ఆ మఠంలో ఒక కట్టుబాటుంది. తినేవాళ్ళు ఏదీ అడగకూడదు, వడ్డించేవాళ్ళే ఆకు కనిపెట్టుకుని ఉండాలి. ఆ రోజు స్వామికి వడ్డించే వంతు హిమజది.

ఆకులో అన్నం పెట్టింది. పప్పు గిన్నెలో గరిటె ముంచింది. ఇక ఉండబట్టలేకపోయింది.

“స్వామీ, నేను చూసింది నిజమా, కల్పనా? కల్పనే అంటే ఇవాళ్టితో బొమ్మలు మానేస్తాను. ఒట్టు.”

“ఏం చూశావు తల్లీ?” అన్నారు స్వామి.

అంతే! ఏం చెప్పింది, ఏం చెప్పింది! కళ్ళు అరమోడ్చి, పప్పు గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆడిస్తూ చెప్పుకుపోయింది.

“అమ్మ ముక్కుపుడక ధగధగా మెరుస్తోంది స్వామీ! చేతిలో బంగారు గిన్నె. లోకమంతా తిన్నా తరగనంత అన్నం వడ్డిస్తోంది!”

స్వామికి పొలమారింది.

“ఎవరో తలుచుకుంటున్నారు స్వామీ,” అని నవ్వింది హిమజ. “అమ్మే అయ్యుంటుంది!” అని మళ్ళీ అందుకుంది. చీర అంచు దగ్గర మొదలుపెట్టి గాజుల దాకా వచ్చేసరికి, స్వామి ఆకు మడిచారు.

అప్పుడు చూసింది. గరిటె తన చేతిలోనే ఉంది. అందులో పప్పు చల్లారి గడ్డకట్టింది. ఆకు పక్కన గ్లాసులో చుక్క నీళ్ళు లేవు. అసలు పోస్తే కదా!

స్వామి చూస్తే ఎనభై దాటిన మనిషి. నిన్నంతా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, రాత్రంతా కన్ను మూయలేదు. అలాంటాయన వట్టి అన్నం మింగారు. పొలమారితే గుక్కెడు నీళ్ళకి దిక్కు లేదు. పైగా తను నవ్వింది!

“అయ్యయ్యో స్వామీ, పాపిష్టిదాన్ని! సైగైనా చెయ్యకపోయారా?”

“అమ్మ వడ్డిస్తోందన్నావు కదా. నా వంతు కూడా వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను.”

హిమజ గరిటెని పప్పు గిన్నెలో పడేసింది.

“ఇంతకీ ఆవిడ ఎవరికి వడ్డిస్తోంది తల్లీ?”

హిమజ ట్యాబ్ తీసింది. ముక్కుపుడక ఉంది. బంగారు గిన్నె ఉంది, గరిటె ఉంది, పొగలు కక్కే అన్నం ఉంది. అన్నపూర్ణ ముందు చెయ్యి చాచి నిలబడాల్సిన శివుడు లేడు. శివరాత్రి పూట గీసిన బొమ్మలో శివుడే లేడు! పోనీ ఒక ఆకైనా లేదు, ఆకు ముందు మనిషీ లేడు. అమ్మ కళ్ళు నేరుగా బొమ్మ గీసిన హిమజ వైపే చూస్తున్నాయి.

స్వామి మెల్లగా లేచారు. గుమ్మం దగ్గర ఆగి, “బొమ్మలు మానకు. అది ఇంకా పూర్తి కాలేదు,” అన్నారు.

ట్యాబ్ అక్కడే వదిలేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆయన వెనకాల పరుగెత్తింది హిమజ.