కాశమ్మ సెట్టింగు

ఓబులేసుకు మొదటి పాట నాలుగు రోజులు పట్టింది. మిగతా ఏడు పాటలూ ఒక్క పూటలో అయిపోయాయి. అతని కష్టం అక్కడే మొదలైంది.

నంద్యాలలో దస్తగిరి సార్ రికార్డింగ్ స్టూడియోలో అతను మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. భజన బృందాల వాళ్ళు, దర్గా దగ్గర ఖవ్వాలీ పాడేవాళ్ళు, చర్చి పాటల వాళ్ళు, అందరూ ఆ రెండు గదుల స్టూడియోకే వస్తారు. మూడేళ్ళూ ఓబులేసు వైర్లు చుట్టాడు, మైకులు నిలబెట్టాడు, సార్ పక్కన కూర్చుని మిక్సింగ్ చూశాడు. ఈసారి సార్ మొత్తం పని అతని చేతిలోనే పెట్టాడు. సలోమి అనే నర్సు సొంతంగా రాసుకుని పాడిన ఎనిమిది పాటలు. డ్యూటీ లేని పూటల్లో వచ్చి, రెండు నెలల్లో పాడి వెళ్ళింది.

మొదటి పాటకు ఓబులేసు ఒళ్ళు దాచుకోలేదు. గొంతు ఎంత వినబడాలి, డోలక్ ఎంత వినబడాలి, గొంతులో బరువు ఎంత, మెరుపు ఎంత, ఒక్కొక్కటీ చెవి పెట్టి విని సరిచేశాడు. పాట కుదిరింది. ఆ సెట్టింగులన్నీ కంప్యూటర్లో ఒక పేరుతో దాచుకున్నాడు. అట్లా దాచుకున్నదాన్ని ఇంకో పాట మీద వేస్తే, తెర మీద మీటలన్నీ వాటంతటవే జరిగి అవే చోట్ల కూర్చుంటాయి. ఏడు పాటల మీదా వేసేశాడు.

బుధవారం సలోమి వినడానికి వచ్చింది. మొదటి పాటకు తల ఊపింది. నాలుగో పాటకు ఊపడం మానేసింది. అయిదో పాట సగంలో హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది ఎవరి గొంతు తమ్ముడూ?"

"మీదే అక్కా."

"నాది కాదు. నేనిట్లా అరవలేదు." ఆమె కోపంగా అనలేదు. అందుకే ఓబులేసుకు ఇంకా కష్టమనిపించింది. "ఆదివారం చర్చిలో వినిపిస్తామని అందరికీ చెప్పేశాను. శుక్రవారం వస్తాను. కుదరకపోతే మొదటి పాట ఒక్కటే ఇచ్చెయ్యి, చాలు."

ఆమె వెళ్ళిపోయాక ఓబులేసు కుర్చీలో కూర్చోలేకపోయాడు. రెండు గదుల్లోనూ తిరిగాడు. అయిదో పాట పెట్టాడు, ఆపాడు, మళ్ళీ పెట్టాడు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియలేదు. గొంతు అదే, మైకు అదే, సెట్టింగూ అదే.

ఆ సమయంలో అతనికి కాశమ్మ పాటలు గుర్తొచ్చాయి.

కాశమ్మ పాటలు పది. దస్తగిరి సార్ చేసినవాటిలో అంత పేరు తెచ్చినవి ఇంకేవీ లేవు. సేద్యం పాటలు, దంపుడు పాటలు. ఆ జిల్లాలో అవి మోగని ఆటో లేదు. అందులో ఆ ముసలామె గొంతు పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. ఆ సెట్టింగులో ఏదో కిటుకు ఉందనీ, సార్ దాన్ని ఎవరికీ చూపించడనీ ఓబులేసు మూడేళ్ళుగా అనుకుంటున్నాడు. ఎప్పుడూ అడగలేదు.

సార్ ముందుగదిలో తెగిపోయిన హెడ్‌ఫోన్ వైరు అతికిస్తున్నాడు.

"సార్, కాశమ్మ పాటల సెట్టింగు నాకు ఇస్తారా?"

"తీసుకో" అన్నాడు సార్, తల ఎత్తకుండానే. "ఆమె పేరు మీదే ఉంటుంది చూడు."

అంత తేలిగ్గా ఇచ్చేసరికి ఓబులేసు మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. అడగ్గానే ఇచ్చేసేది కిటుకు ఎట్లా అవుతుంది?

అయినా తెచ్చుకుని సలోమి పాటల మీద వేశాడు. వేసి విన్నాడు. ఆమె గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గీరుకుంది. 'యేసు' అన్నప్పుడల్లా 'సు' నోట్లోనే నలిగిపోతోంది. గొంతులో ఉన్న నిండుదనమంతా ఎవరో తోడేసుకున్నట్టు పోయింది. గురువారం పొద్దెక్కేదాకా దానితోనే కుస్తీ పట్టాడు. తెర మీద, గొంతులో ఏది పెంచారో ఏది తగ్గించారో చూపే గీత ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో అతనికి కంఠతా వచ్చేసింది. ఒకచోట ఆ గీత బావిలా లోతుగా దిగిపోతుంది. ఎందుకు దిగిందో అర్థం కాలేదు.

చివరికి లేచి సార్ దగ్గరికి వెళ్ళాడు.

"మీరు నాకు అసలుది ఇవ్వలేదు సార్."

అన్నాక తన మాట తనకే చెవిలో గట్టిగా మోగింది.

సార్ చేతిలో పని పక్కన పెట్టి చెప్పులేసుకున్నాడు.

"బండి తియ్యి."

"ఎక్కడికి సార్?"

"అన్నం పొద్దయింది. కాశమ్మక్క ఇంటికి పోదాం."

శుక్రవారానికి ఇంక ఒక్క పూటే ఉంది. అన్నం కోసం బనగానపల్లె దారిలో ఇరవై కిలోమీటర్లు! ఓబులేసు పళ్ళు బిగించి బండి నడిపాడు. దారిలో సార్ జామకాయల బండి దగ్గర ఆపమన్నాడు. ఒక్కొక్క కాయా వత్తి చూసి ఏరుకున్నాడు. ఓబులేసు బండి దిగలేదు, ఇంజను ఆపలేదు.

కాశమ్మ ఇల్లు గోడలూ నాపరాళ్ళే, కప్పూ నాపరాళ్ళే. లోపల సార్ "అక్కా!" అని పిలిస్తే ఆ పిలుపు గదంతా తిరిగి, గుమ్మని లావుగా మారి వచ్చింది. ఓబులేసు తల తిప్పి గోడల వైపు చూశాడు.

"స్టూడియోకు రమ్మంటే ఊరు దాటి రానంది" అన్నాడు సార్ చాప మీద కూర్చుంటూ. "మైకు ఇక్కడికే మోసుకొచ్చినాను."

అది ఓబులేసు పనిలో చేరకముందు సంగతి. అతనికి తెలియదు.

కాశమ్మకు డెబ్బై దాటాయి. జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. తింటూనే సార్ ఆమెను ఒక పాట పాడమన్నాడు.

"ఈ వయసులోనా? మగోళ్ళ ముందరా?" అని నవ్వి, ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళకు వీపు పెట్టి, ఒక అరచెయ్యి రాతి మీద ఆనించి, గోడకు చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"సాలు వెంట సాలు సజ్జ మొలిచిందంట..."

గొంతు గోడలోకి పోతోంది. మెరుపంతా అటే పోయి, లావు ఒక్కటే ఇటు తిరిగి వస్తోంది. అయితే 'స' వచ్చినప్పుడల్లా ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. ఓబులేసు తినే రొట్టె చేతిలోనే ఆగిపోయింది. తెర మీది ఆ బావి అతని కళ్ళ ముందుకు వచ్చింది. ఈ ఈలను దించడానికే దాన్ని తవ్వారు.

పాట అయ్యాక కాశమ్మ ఇటు తిరిగి నోరు మూసుకుని నవ్వింది. "ఈ పళ్ళు నావి కాదు నాయనా, కట్టించినవి. నేనొక పాట ఎత్తుకుంటే ఇవొక పాట ఎత్తుకుంటాయి."

సార్ ఇంకో రొట్టె తుంచుకున్నాడు. ఓబులేసు వైపు చూడలేదు.

కాశమ్మ వచ్చి ఓబులేసు ఎదురుగా కూర్చుంది. "నువ్వు ఎవరి పాటలు చేస్తాండావు నాయనా?"

"ఒక నర్సు పాటలమ్మా. ఎనిమిది పాటలు."

"ఎనిమిదా! నర్సుకు తీరికెప్పుడు దొరికింది?"

"తెలీదమ్మా."

"ఎవరిమీద కట్టింది?"

"దేవుడి పాటలు..."

"దేవుడి పాటే లే. మనిషికి ఏదో అయితేనే కదా దేవుడు గుర్తొచ్చేది. ఏమైందంట ఆ యమ్మకు?"

రెండు నెలలు సలోమి వచ్చి పోయింది. హెడ్‌ఫోన్లు ఇచ్చాడు, మైకు ఎత్తు సరిచేశాడు, "రెడీ అక్కా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడిగినట్టు అతనికి గుర్తు లేదు.

"తెలీదమ్మా" అన్నాడు మళ్ళీ.

తిరిగి వచ్చేటప్పుడు అతను బండి మెల్లగా నడిపాడు. లోపల మాత్రం నిలకడ లేదు. ఊరి పొలిమేరలో ఉండబట్టలేక అడిగాడు.

"అయితే సార్, ఒక పాట సెట్టింగు ఇంకో పాటకు వేయనే కూడదా?"

"నేను కాశమ్మక్కవి పది పాటలు చేసినాను కదా. పోయి చూడు."

వెళ్ళగానే చూశాడు. పదింట్లో తొమ్మిది ఒకే సెట్టింగు నుంచి పుట్టినవి. ప్రతి పాటలోనూ అక్కడక్కడా చిన్న మార్పులు. ఏడో పాటలో మాత్రం ఏమీ లేదు. మీటలన్నీ సున్న దగ్గర.

"ఏడోదానికి ఏమీ వేయలేదేం సార్?"

"ఆ పొద్దు ఆమె ఆ పళ్ళు తీసిపెట్టి, నా వైపు తిరిగి పాడింది" అన్నాడు సార్.

ఓబులేసు సలోమికి ఫోన్ చేశాడు. రేపు ఒక గంట ముందే రాగలరా అని అడిగాడు.

శుక్రవారం ఆమె యూనిఫాంలోనే వచ్చింది. ఓబులేసు కంప్యూటర్ ఆన్ చేయలేదు. టీ తెప్పించి ఎదురుగా కూర్చున్నాడు. కాలు ఊగుతూనే ఉంది. చేత్తో మోకాలు పట్టుకున్నాడు.

"అక్కా, అయిదో పాట పాడిన రోజు మీరు ఎక్కడినుంచి వచ్చారు?"

సలోమి గ్లాసు కింద పెట్టింది.

"వార్డు నుంచే. ఆ రోజు ఒక పసిబిడ్డ పోయింది. తల్లి ఏడవలేదు. గోడకానుకుని అట్లాగే నిద్రపోయింది. నేను డ్యూటీ దిగి సీదా ఇక్కడికి వచ్చినాను." కొంచెం ఆగింది. "పాడుతుంటే ఆ తల్లి ఇంకా నా పక్కనే పడుకుని ఉన్నట్టు అనిపించింది తమ్ముడూ. లేస్తుందేమోనని..."

ఓబులేసు లేచి కంప్యూటర్ ఆన్ చేశాడు.

ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుని పాట తెరిచాడు. వేసిన సెట్టింగులన్నీ తీసేశాడు. మొదటి పాట అంత గట్టిగా ఉండాలని పైకి ఎత్తిన గొంతును కిందికి దించాడు. డోలక్ పూర్తిగా ఆపేశాడు. గొంతు చిన్నదైంది. పదాల మధ్య ఆమె ఊపిరి వినిపించింది. దాన్ని తీసెయ్యడానికి అలవాటుగా చెయ్యి వెళ్ళింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పాట అయ్యేదాకా సలోమి కదల్లేదు.

"ఇంకోసారి పెట్టు తమ్ముడూ."

సాయంత్రానికి మిగతావి కూడా ఒక్కొక్కటే అడుగుతూ, వింటూ చేశారు. రెండో పాటకు మొదటి పాట సెట్టింగే వేసి రెండు మీటలు జరిపితే సరిపోయింది. ఆ రెండూ ఒకే పూట, నవ్వుకుంటూ పాడినవని ఆమే చెప్పింది. ఎనిమిదోది ఆమెకు జలుబు చేసినప్పుడు పాడింది. దానికి అన్నీ కొత్తగా చేయవలసి వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా కుదరలేదని ఓబులేసుకు తెలుసు. సలోమికీ తెలుసు. అయినా తీసుకుంది.

ఆమె వెళ్ళాక అతను అయిదో పాట సెట్టింగును దాచబోయాడు. ఏ పేరుతో దాచాలని కంప్యూటర్ అడిగింది. ఓబులేసు వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.

దస్తగిరి సార్ అప్పుడే ఇంటికి బయల్దేరి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నాడు.

"సార్, దీనికి ఏం పేరు పెట్టమంటారు?"

"ఆమె పేరే పెట్టు" అన్నాడు సార్.

రెండడుగులు వేసి ఆగాడు.

"తేదీ కూడా వెయ్యి."