బావిరాతి మీద ఠ

ఆ దేశంలో జనానికి ఒకే ఒక్క అక్షరం వచ్చు. అది ఠ. గుండ్రంగా ఒక గీత, నడిమధ్యన ఒక చుక్క, నెత్తిన చిన్న తలకట్టు. అంతే. మిగతా అక్షరాలన్నీ కోటలో, పండితుల పెట్టెల్లో ఉండేవి. ఈ ఠ తో పండితులకు పెద్దగా పని పడేది కాదు. ఎప్పుడో ఒకసారి వాడుకుని మళ్ళీ మూలన పడేసేవాళ్ళు. అలా మూలన పడ్డదాన్ని జనం తెచ్చుకుని వాడుకున్నారు, తప్పేముంది?

వాడుకోవడమంటే అలా ఇలా కాదు. కుండ బాగా కాలిందని నమ్మకం కుదిరితే కుమ్మరి దాని అడుగున ఠ గీసేవాడు. గొర్రెలవాళ్ళు ఎర్రమన్నుతో గొర్రె వీపున రాశారంటే, ఇది మందలోదే, తప్పిపోతే కాస్త తోలిపెట్టండి అని. బిడ్డ పుట్టి కేరుమన్నాక మంత్రసాని ఆ పసి అరికాలి మీద పసుపుతో రాసేది. వాకిట్లో గుండె చిక్కబట్టుకుని నిలబడ్డ తండ్రికి ఆ కాలు చూపిస్తే చాలు, మాటతో పని లేదు. పోయినవాళ్ళను పూడ్చిన చోట కూడా అదే అక్షరం. ఇన్ని అర్థాలుంటే జనం తికమక పడరా అంటారేమో. ఒక్కడూ పడలేదు. ఎక్కడ రాసి ఉందో చూసి, అక్కడి మాట అక్కడ చదువుకునేవాళ్ళు.

అన్నిట్లోకీ పెద్ద అర్థం మాత్రం నీళ్ళు. ఊరికీ ఉప్పు పండే సముద్రపు ఒడ్డుకీ నడుమ ఒక ఇసక బయలు ఉంది. చెట్టు లేదు, చేమ లేదు, నిలబడదామంటే నీడ లేదు. అక్కడ బావులున్నాయి గానీ, పూడిపోకుండా బండలతో మూసి ఉంచేవాళ్ళు. గాలి తిరిగిందంటే ఆ బండలూ ఇసకలో కలిసిపోయేవి. అందుకని ప్రతి బావి పక్కనా ఒక నిలువురాయి పాతి దాని మీద ఠ చెక్కించారు. దూరాన్నుంచి ఆ అక్షరం కనబడితే బాటసారికి ప్రాణం లేచొచ్చేది.

ఆ రాళ్ళు చెక్కేది కాసెమ్మ. రాతిపని చేసేవాళ్ళను కాసెవాళ్ళంటారు కదా, అందుకని అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. అసలు పేరు ఆమే మర్చిపోయి ఉంటుంది. ఆమె పెనిమిటి గాడిదల మీద ఒడ్డు నుంచి ఊరికి ఉప్పు తోలేవాడు. అంటే తన పెళ్ళాం చెక్కిన రాళ్ళను చూసుకుంటూ, ఆ నీళ్ళు తాగుతూ ఇల్లు చేరేవాడన్నమాట. అదంటే కాసెమ్మకు లోలోపల మహా గర్వం. పైకి మాత్రం, "నా మొగుడికి దారి నేను చూపిస్తే గానీ తెలీదు" అని ఎగతాళి చేసేది.

ఇలా ఉండగా కొత్తరాజు గద్దెనెక్కాడు. ఊరు చూద్దామని బయలుదేరితే ఎటు చూసినా ఈ ఒక్క అక్షరమే. ఇదేమిటని కుమ్మరిని అడిగాడు. గొర్రెలవాణ్ణి అడిగాడు. మంత్రసానిని అడిగాడు. తలా ఒకటి చెప్పారు. రాజుకు ఒళ్ళు మండిపోయింది.

"దీన్ని చూస్తే మీకెవరికీ కన్ను గుర్తు రాలేదా?" అన్నాడు.

నిజానికి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇది కన్ను. నా కన్ను. ఇక మీదట దీనికి వేరే అర్థం లేదు."

పండితులు చిత్తమన్నారు. వాళ్ళ సొమ్మేం పోయింది?

కాసెమ్మకు కోట నుంచి పిలుపొచ్చింది. "నీకు ఈ అక్షరం చెక్కడం వచ్చట?" అని అడిగాడు రాజు. "అదొక్కటే వచ్చు దొరా" అంది. అడవి మొదట్లో, ఏటి రేవులో, మట్టి తవ్వే గుంట దగ్గర, పచ్చిక బీడులో రాళ్ళు నిలబెట్టి చెక్కమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. నిజం చెప్పుకోవాలి, పొంగిపోయింది. కోట మెట్లు దిగి వచ్చిన పని కదా! ఎన్నడూ చెక్కనంత అందంగా చెక్కింది. నునుపు తేలిన గుండ్రం, లోతైన చుక్క. చుక్కలో పొద్దున్నే ఎండ పడితే ఆ రాయి నిజంగానే చూస్తున్నట్టుండేది.

రాళ్ళన్నీ లేచాక దండోరా వేశారు. ఠ ఎక్కడుంటే అక్కడ రాజుగారి కన్ను ఉన్నట్టు. ఆ అక్షరం దగ్గర చెయ్యి పెడితే చెయ్యి తీస్తారు, కాలు పెడితే కాలు తీస్తారు. కోటకూ ఊరికీ మాత్రమే కాదు, ఒడ్డుదాకా, ఇసక బయలుదాకా ఇదే చట్టం.

ఉత్త బెదిరింపులే అనుకున్నారు ముందు. ఎప్పటిలాగే మట్టికి వెళ్ళిన కుమ్మరి కుడిచెయ్యి తీసేశాక తెలిసొచ్చింది. ఆ సాయంత్రమే గొర్రెలవాళ్ళు మంద వీపులు కడిగేసుకున్నారు. మంత్రసాని పసుపు గిన్నె దాచేసింది. సమాధుల మీది గీతల్ని కూడా రాత్రికి రాత్రి మసిబట్టలతో తుడిచేశారు. అయ్యో, ఎవరు ఎక్కడ పడుకున్నారో కూడా తెలీకుండా పోయింది!

కాసెమ్మ అప్పుడే కుండలో నీళ్ళు ముంచుకుంటోంది. ముంత నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇసక బయల్లో బావుల దగ్గర ఉన్నదీ ఆ అక్షరమే. పెనిమిటి ఒడ్డు నుంచి బయలుదేరే ఉంటాడు. దండోరా అక్కడా వేసే ఉంటారు. అతను మరీ చట్టానికి భయపడే మనిషి. ఆ రాయిని చూశాడా, ఇక దగ్గరకు రాడు.

ఉలీ సుత్తీ మూటగట్టుకుని పరుగున బయలుదేరింది. బావిరాళ్ళ మీది ఠ ని చెరిపేస్తే భయం ఉండదు కదా అనుకుంది. మొదటి బావి దగ్గర సుత్తి ఎత్తింది కూడా. ఎత్తిన చెయ్యి దిగలేదు. అక్షరం లేకపోతే ఇక్కడ బావి ఉందని ఎవడికి తెలుస్తుంది? ఉంచితే భయపడి చస్తారు, చెరిపితే తెలీక చస్తారు. ఆ మొండి రాయి ముందు నిలబడి కాసెమ్మ నోరారా తిట్టుకుంది, రాజును కాదు, తనను. ఎటూ తోచక సుత్తి మూటలో పెట్టుకుని ముందుకు నడిచింది.

నడి బయల్లో, బావి దగ్గర గాడిదలు కనిపించాయి. వాటికి ఏ అక్షరమూ రాదు. నీటి వాసన పట్టి, ముట్టెలతో నెట్టి, బండను పక్కకు జరిపేశాయి. పై గట్టుదాకా నీళ్ళున్న బావి. హాయిగా తాగి నిలబడి ఉన్నాయి. రాతికి అల్లంత దూరాన పెనిమిటి కూలబడి ఉన్నాడు. పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

కాసెమ్మ ముంతతో నీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెట్టింది. మొహం తిప్పేసుకున్నాడు.

"వద్దే. చూస్తోంది."

"ఏం చూస్తుందయ్యా, రాయి! నేను చెక్కిందే, నీ పెళ్ళాన్ని."

"రాజుగారి కన్నులూ నువ్వు చెక్కినవే కదే" అన్నాడు.

ఏడుద్దామన్నా తీరిక లేదు. అతని తల ఒళ్ళో పెట్టుకుని, ఒక అరచేత్తో కళ్ళు రెండూ మూసేసింది. రెండో చేత్తో నీళ్ళు పోసింది. చీకట్లో అతను గుటకలేశాడు. ఇంకా పొయ్యమని తనే అడిగాడు.

మనిషి బతికాడు. ఇల్లు చేరారు. కానీ కాసెమ్మకు కంటి మీద కునుకు లేదు. అందరి కళ్ళూ ఎవరు మూస్తారు? బయలు దాటేవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో! రాజు రాళ్ళను చెరపడానికి వీల్లేదు, చెరిపితే తల పోతుంది. మరి చేయగలిగిందేమిటి? పొద్దున లేస్తూనే ఒంటిచేతి కుమ్మరి ఇంటికి వెళ్ళి పెద్ద పెద్ద బానలు అడిగింది.

"చేసేందుకు నాకు చెయ్యెక్కడుందమ్మా?" అన్నాడతను.

"చేసిపెట్టినవి ఉన్నాయి కదయ్యా."

ఆ బానల్ని ఒక్కొక్కటే మోసుకెళ్ళి రాజు రాళ్ళ ముందు నిలబెట్టింది, అడవి మొదట్లో, రేవులో, బీడులో, ఎక్కడ తను కన్ను చెక్కిందో అక్కడల్లా. చట్టంలో బాన మాట లేదు. రాయి చెక్కిన మనిషే కదా అని కాపలావాళ్ళూ ఆమెను అడ్డుకోలేదు. పెనిమిటి ఉప్పు తోలడం మానేసి ఆ గాడిదల మీదే నీళ్ళు తోలాడు. ముందు ఎవరూ రాలేదు. కాసెమ్మే రాయి పక్కన కూర్చుని అందరూ చూసేట్టు తాగేది. నువ్వు పిచ్చిదానివన్నారు, అనుకోండి అంది.

మొదట వచ్చింది ఎవరో తెలుసా? ఆ రాతికి కాపలా ఉన్న భటుడు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఇనుపటోపీ. ఎంతసేపు ఓర్చుకుంటాడు పాపం! అటూ ఇటూ చూసి, "కాసిన్ని పోస్తావా అమ్మా?" అని దోసిలి పట్టాడు. తాగిన చెయ్యి తీయాల్సింది తనే కాబట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

ఎండాకాలాలు గడిచాయి. రాజు రాళ్ళ దగ్గర జనం ఆగి సేదదీరడం మొదలుపెట్టారు. ఇసక బయల్లో బావుల మీది బండలు మళ్ళీ జరిగాయి. ఠ చూసి వణికేవాళ్ళు తగ్గిపోయారు.

ఒక వేసవిలో రాజు తన రాళ్ళను చూసుకోవడానికి సైన్యంతో వచ్చాడు. బీడు దగ్గర రాయి కనబడగానే, చెప్పకుండానే, భటులందరూ గుర్రాలు దిగారు. తలెత్తి అక్షరాన్ని చూశారు, తల దించి దాని మొదట్లో బాన కోసం వెతుక్కున్నారు. ఒక్కడి మొహంలోనూ బెదురు లేదు.

"ఏం రాసుంది అక్కడ?" రాజు అడిగాడు.

"నీళ్ళు, ప్రభూ" అన్నాడు దళపతి, మీసం తుడుచుకుంటూ.

రాజు దిగి, విసవిసా వచ్చి బానను కాలితో తన్నాడు. బాన భళ్ళున పగిలింది. నీళ్ళు అతని చుట్టూ తిరిగి మట్టిలో ఇంకాయి. గుండ్రంగా తడి మిగిలింది. బాన మూతి పెంకు ఒకటి ఎగిరి పైఅంచున వాలింది, తలకట్టులా. నడిమధ్యన పొడి మట్టిలో రాజు ఒక్కడే ఉన్నాడు.

భటులు గబుక్కున వెనక్కి జరిగారు. వాళ్ళ కాళ్ళు తడికి తగలకుండా చూసుకున్నారు.

"ఎందుకలా జరుగుతున్నారు?" అన్నాడు రాజు.

అందరూ అతని కాళ్ళ కేసి చూస్తున్నారు. అప్పుడు రాజు కూడా కిందికి చూసుకున్నాడు. ఎత్తబోయిన కాలు మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

రాయి పక్కనే ఉన్న కాసెమ్మ తడికి బయట చెదిరిన పెంకులు ఏరి పక్కన పెట్టి, ఇంకో బాన తేవడానికి గాడిదను తోలుకుని బయలుదేరింది. దళపతి దారి ఇచ్చాడు. ఆమె వచ్చేదాకా సైన్యం ఎండలో కదలకుండా నిలబడింది. రాజు మధ్యలోనే ఉన్నాడు. ఎటు అడుగు వేసినా అక్షరం మీద కాలు పెట్టాల్సిందే.