ఉప్పు మళ్ళలో వలిసె పువ్వు

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో సోములమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఇటు తిరగవే గుంటా, గోడకి చెప్తున్నానా కథ?

ఆ కొండ మీద వానలు వెనకబట్టేక ఒక కాలం వస్తాది. మన దగ్గర లేదులే అది. అప్పుడు వలిసె చేలు పూస్తాయి, నూనెగింజల పంటలే అది. కొండవాలంతా పసుపుపచ్చటి పువ్వే. పొద్దున్నే మంచు దిగుతాది. ఎంత మంచనుకున్నావ్? నేను చిన్నప్పుడు వెళ్ళి ఆ మంచుని కొడవలితో కోసి, మోపు కట్టి, నెత్తినెట్టుకుని దిగేను. నవ్వకు. మీ తాత ఉంటే సాక్ష్యం చెప్పును.

ఆ ఊరోళ్ళకి ఒక కట్టుబాటు. వలిసె పువ్వు విచ్చడం కళ్ళారా చూసేకే కొత్త గింజ వండుకోవాలి. సామలైనా, బియ్యమైనా సరే. పువ్వు చూడకుండా కొత్త గింజ తింటే కొండ ఆ మనిషిని మర్చిపోతాదని వాళ్ళ నమ్మకం.

అప్పుడు సోములమ్మకి పెళ్ళయింది. పెళ్ళికొడుకు సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళు చేసుకునే సన్యాసి. పేరుకే సన్యాసి, పెళ్ళామంటే ప్రాణం పెట్టీవోడు. వాళ్ళమ్మ నూకాలు. ఉప్పులో నాని నాని ఆవిడ అరిచేతులు బీటలు తీసుండీవి. నోరు అంతకన్నా గరుకు. కోడలు గుమ్మం తొక్కిన రోజే, మంచులో పెరిగిన పిల్ల మా ఎండకి వెన్నలా కరుగుతాదేమో, కింద గిన్నె పెట్టండి అందిట.

కరగలేదు గాని, సోములమ్మ బెంగెట్టుకుంది. అత్తారి ఊళ్ళో ఎండాకాలం, వానాకాలం, మళ్ళీ ఎండాకాలం. ఎండంటే ఏటనుకున్నావ్? నేను వాళ్ళ అరుగు మీద గుడ్డు పెట్టి, మంచినీళ్ళు తాగొచ్చేసరికి, గుడ్డులోంచి పిల్లొచ్చి నీడకి పరిగెత్తింది.

వానలు వెళ్ళిపోయేయి. సోములమ్మ రోజూ గుమ్మంలో నిలబడి చూసేది. మంచు రాలేదు. పువ్వు లేదు. వెళ్ళి చూసొద్దామంటే ఏడో నెల కడుపు, కొండెక్కే ఒళ్ళు కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత సామలు అయిపోయేయి. ఊళ్ళోకి కొత్త బియ్యం వచ్చీసేయి. పాత గింజన్నది లేదు. చీమలు కూడా కొత్తవే మోసుకుపోతున్నాయి.

ఆ తర్వాత సోములమ్మ అన్నం మానీసింది. ఇంత చేప ముక్క, ఇంత ఆకుకూర. రెండు ప్రాణాలకి అది ఎన్నాళ్ళు ఆగుతాది? కళ్ళు లోపలికి పోయేయి. లేస్తే తూలిపోయేది. నూకాలు తిట్టింది, బతిమాలింది, మీ కొండ కోసం నా మనవణ్ణి ఎండబెడతావా అని కూడా అడిగింది.

"మా అమ్మని ఆ కొండ మీదే మట్టి చేసేం అత్తా," అంది సోములమ్మ. "అది కూడా నన్ను మర్చిపోతే ఎలా?"

అప్పుడు సన్యాసి కొండెక్కేడు. పూసిన వలిసె మొక్కని మట్టితో పెకలించి, తడిగోనెలో చుట్టి, పరుగున దిగేడు. దారిలో ఒక్కో మలుపుకి ఒక్కో రేకు రాలింది. ఇంటికొచ్చేసరికి చేతిలో పుల్ల మిగిలింది.

పువ్వు కాదురా, మొగ్గ తేవాలి, మంచు తగిల్తే అదే విచ్చుతాదని ఎవరో చెప్పేరు. మళ్ళీ ఎక్కేడు. మొగ్గలు కోసేడు. కుండ నిండా మంచు పట్టి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి తెచ్చేడు. గుమ్మంలో మూత తీసి చూస్తే కుండ అడుగున గుక్కెడు నీళ్ళు. మొగ్గలు ముడుచుకునే వాడిపోయేయి. సోములమ్మ ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని, ఇంక వెళ్ళొద్దని మొగుడికి చెప్పీసింది.

మూడోసారి కదిలింది నూకాలు.

వాళ్ళ పెరట్లో ఉప్పు కుప్ప ఉంది. ఇంటిల్లిపాదీ ఎండలో మాడి పోగుచేసిన కుప్ప, ఇంటంత ఎత్తు. దాని మీద తాటాకులు కప్పుంచేరు. ఓ రోజు తెల్లారగట్ల ఆవిడ ఆ తాటాకులన్నీ లాగీసింది. ఇంట్లో ఉన్న పసుపు, ఇరుగమ్మనీ పొరుగమ్మనీ అడిగిన పసుపు, అంతా చేటకెత్తి ఆ కుప్ప మీద జల్లింది. జల్లి, చేతుల్తో రాసింది. కింద నుంచి పైదాకా రాసింది.

ఆ తర్వాత కోడల్ని భుజం పట్టి లేపి గుమ్మంలోకి తెచ్చింది. ఎండ ఇంకా రాలేదు. ఆ మసక వెలుతుర్లో ఉప్పు కుప్ప పచ్చగా, పూసిన కొండవాలులా ఉంది.

"పువ్వు విచ్చిందే అమ్మీ," అంది నూకాలు. "ఇంక తిను."

సోములమ్మ చూసింది. పసుపు వాసన తెలీదా ఏటి? పసుపు పడ్డ ఉప్పు ఎవడూ కొనడని తెలీదా? అత్త చేతులకేసి చూసింది. మోచేతుల దాకా పసుపు. ఉప్పు గీరుకుని బీటలు విడిపోయేయి, వాటిల్లోంచి నెత్తురు కారుతోంది. ముసలావిడ ఆ చేతుల్ని చీర కొంగులో దాచుకోబోయింది.

సోములమ్మ ఆ చేతుల్ని కొంగులోంచి బయటికి తీసి పట్టుకుంది.

"విచ్చింది అత్తా," అంది సోములమ్మ.

అప్పుడు సన్యాసి కొత్త బియ్యం వండేడు. అత్త చేతులు పనికిరావు కదా, సోములమ్మే ముద్ద కలిపింది. మొదటి ముద్ద ఆవిడకి పెట్టి, రెండోది తను తింది.

బిడ్డ బాగానే పుట్టింది. ఆడపిల్ల. కొండ మర్చిపోయిందా అంటావా? లోకంలో నాకు తెలీనిది లేదని చెప్పుకునేదాన్ని, ఇది మాత్రం నాకు తెలీదే. ఆ మంచు కాలం ఆ ఉప్పు మళ్ళ ఊరికి ఎన్నడూ రాలేదు. రాలేదంటే రాలేదు. ఏటా వానలు వెళ్ళేక సోములమ్మ ఓ పూటంతా గుమ్మంలో కూర్చుని కొండలున్న వైపు చూసేది. అంత నోరున్న నూకాలు ఆ పూట ఒక్కమాట అనేది కాదు. వచ్చి పక్కన కూర్చునేది.

కథ కదిలి కంచికి,
మంచు కదిలి కొండకి,
కునుకు కదిలి కంటికి,
మనమేమో మనింటికి.